వెనక రెండు అర్రలు

ముంబై,
9 నవంబర్ 2024

అన్నకు,

మణెమ్మ రాస్తున్నాను. అవ్వ సంవత్సరీకం అప్పుడు రాసిందే ఆఖరు, మూడేళ్ళయింది. ఫోన్ చేద్దామంటే బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు సుత్తి దెబ్బలు విన్న నీ చెవులకు నా మాట ఎక్కదు. వదిన ఎత్తితే నాకు మాట పెగలదు. అందుకని మళ్ళీ ఈ కాగితమే.

మేముంటున్న ఈ ఒంటిగదుల చాల్ పడగొట్టి పెద్ద భవనం కడతారట. ఇల్లు సొంతమైనవాళ్ళకు కొత్త ఇళ్ళు వస్తాయి. మాలాంటి కిరాయిదార్లు డిసెంబర్ ఆఖరుకల్లా ఖాళీ చెయ్యాలి. చుట్టుపక్కల అంతా అడిగాం. ఇదే పది అడుగుల గది, ఇలాంటి గల్లీనే, కిరాయి మాత్రం రెండింతలు చెబుతున్నారు. ఆయన జీతమంతా ఇంటాయన చేతిలో పోస్తే మా తిండి నా పని మీద, బిడ్డ రుచిత చదువు దేవుని మీద.

ఆయన ఇంకా ఆ పాత ఆఫీసు భవనంలోనే లిఫ్టు నడుపుతున్నాడు. కూర్చోవడానికి స్టూలు ఉంది గానీ సాహెబులు ఎక్కినప్పుడల్లా లేవాలి. పొద్దంతా ఎవరో ఒకరు ఎక్కుతూనే ఉంటారు. పిక్కల మీద నరాలు ఉబ్బి తాళ్ళలాగా తేలాయి. నేను పోళీ భాజీ కేంద్రంలోనే ఉన్నాను. ఏడుగురం ఆడవాళ్ళం రొట్టెలు, కూరలు చేసి అమ్ముతాం. మన తీపి బక్షాలనే ఇక్కడ పూరణ్‌పోళీ అంటారు. పండగ వస్తే నా చేతివే కావాలని బయట వరుస కడతారు. నా గొప్ప నేనే చెప్పుకుంటున్నాను, నవ్వకు.

సంగతేమిటంటే, ఆయనకు జహీరాబాద్ వచ్చేయాలని ఉంది. పక్కన కూర్చుని "రాయి, రాయి" అంటున్నాడు. "అన్నను అడుగు. ఉండెతందుకు జర జాగ చూపిస్తె చాలు. అర ఎకరం కౌలుకు దొరికితె అల్లం పెడత. నాకు ఎరికైన పని అదొక్కటే." ఆయనకూ రుచితకూ తెలుగు మాట్లాడడమే వచ్చు గానీ చదవడం రాదు గదా, నేను సరిగ్గా రాస్తున్నానో లేదో అని కాగితంలోకి తొంగి తొంగి చూస్తున్నాడు.

రుచితకు ఇరవై నిండాయి. ల్యాబ్ కోర్సు ఇంకో ఏడాదిన్నర ఉంది. మీరెట్ల అంటే అట్లనే అంటుంది.

నీ అభిప్రాయం రాయి. తొందరేం లేదు. ఇబ్బందైతే ఇబ్బందనే రాయి, మేమేమీ అనుకోం.

నీ చెల్లె
మణెమ్మ


జహీరాబాద్,
20 నవంబర్ 2024

చెల్లె మణెమ్మకు, మాణిక్ బావకు, మేనకోడలికి సంగయ్య దీవెనలు.

నీ ఉత్తరం గేటు దగ్గరే నిలబడి చదివాను. నా మొహం చూసి మీ వదిన గిరిజమ్మ "ఏమైంది, ఎవలన్న పోయిన్రా?" అని ఉరికొచ్చింది. "పోవుడు కాదే, మనోళ్లు వస్తున్రు" అన్నాను.

ఇందులో అభిప్రాయం అడిగేదేముంది? రండి. అవ్వ ఉన్న వెనక రెండు అర్రలు మీకే. ఇప్పుడు వాటిలో ట్రాక్టర్ల కంపెనీలో పనిచేసే ఒకతను కిరాయికి ఉన్నాడు. ఖాళీ చెయ్యమని నిన్ననే చెప్పాను. భార్యకు నెలలు నిండాయట, కాన్పయి బాలింతను పుట్టింటికి పంపేదాకా, అంటే ఫిబ్రవరి ఆఖరు వరకు ఆగమన్నాడు. నిండు గర్భిణిని లెమ్మనడానికి నాకు నోరు రాలేదు. వాళ్ళు పోగానే పైన రేకులు మార్చాలి, వానకు కురుస్తున్నాయి. అన్నీ కలిపి ఉగాది నాటికి ఇల్లు తయారవుతుంది. అల్లం విత్తనం పెట్టే అదును కూడా అప్పటినుంచే.

అయితే మీరు డిసెంబర్‌లోనే ఖాళీ చెయ్యాలన్నావు. దానికి ఏం ఫికర్ పెట్టుకోవద్దు. సామాను లారీకి వేసి నేరుగా మా ఇంటికే వచ్చేయండి. ఉగాది దాకా ముందర అర్రలో అందరం సర్దుకుందాం. ఈ ముక్క బావకు రెండుసార్లు చదివి వినిపించు.

మొగుడంపల్లిలో మీ వదిన తమ్ముని చేను పక్కనే అర ఎకరం కౌలుకు ఉందంటే మొన్న బస్సెక్కి వెళ్ళి చూసొచ్చాను. ఎర్రనేల. బోరు ఉంది. మట్టి పిడికిట్లోకి తీసుకుని వదిలితే పొడిపొడిగా రాలింది. అల్లానికి నీళ్ళు నిలవని నేల కావాలని బావకు నేను చెప్పేదేముంది.

ఉన్నమాట కూడా చెప్పాలి. ఇది మీరు విడిచి వెళ్ళిన జహీరాబాద్ కాదు. హైవే మీద లారీల మోత పెరిగింది, ఊళ్ళో జాగల ధరలు పెరిగాయి. అయినా ముంబైలో ఒక్క గదికి పోసేదాంట్లో సగం ఉన్నా ఇక్కడ ముగ్గురు నిమ్మళంగా బతకొచ్చు. రుచిత చదువు గురించి సంగారెడ్డిలో కనుక్కుంటున్నాను. అది ఒక్కటే నాకు తేలడం లేదు.

ఎప్పుడు బయలుదేరుతున్నారో రాస్తే బస్సు దగ్గరికి వస్తాను.

మీ
సంగయ్య


ముంబై,
6 డిసెంబర్ 2024

అన్నకు,

నీ ఉత్తరం అందింది. ఆయనకు చెప్పాను. పిక్కలు ఒత్తుకుంటూ కూర్చున్నాడు. తర్వాత, "ఉగాది అంటె ఇంక నాలుగు నెలలు. మనసున్నోడు తారీఖు పెట్టి పిలుస్తడా?" అన్నాడు. తప్పు నీదని నేననను. కిరాయిదారు సంగతి నాకు అర్థమైంది. కానీ మగవాళ్ళ మనసులో ఒకటి పడితే తియ్యడం ఎవరి తరం?

వచ్చి మీ ముందర అర్రలో పడి ఉండడం ఆయనకు ఇష్టం లేదు. వదినకు మాత్రం ఎంత కష్టం. కౌలు మాట కూడా ఆపెయ్, అనవసరంగా నీకు మాట పోతుంది. దూరంగా అయితే చవకగా దొరుకుతాయంటున్నారు, చూస్తున్నాం.

ఇక్కడ ఒక సంతోషం జరిగింది. మా రొట్టెల కేంద్రం పెట్టిన యజమానురాలు బాయికి వయసు మీదపడి, తాళంచెవులు నాకిచ్చింది. సరుకు తెప్పించడం, ఎవరు ఏ పని చెయ్యాలో చెప్పడం అన్నీ నేనే. గోధుమపిండి చేతిలోకి తీసుకుని బాగాలేదని తిప్పి పంపితే దుకాణంవాడు మారుమాట లేకుండా వేరేది ఇచ్చాడు. నన్నిక్కడ మణిబాయి అంటారు.

నీ ఆరోగ్యం జాగ్రత్త. చెవి మిషన్ పెట్టుకో, డబ్బాలో దాచుకోకు.

మణెమ్మ


జహీరాబాద్,
16 డిసెంబర్ 2024

చెల్లె మణెమ్మకు,

నీ ఉత్తరం మీ వదినకు చదివి వినిపిస్తే, "తారీఖు ఎందుకు రాసినవయ్యా?" అని నన్నే తిట్టింది. నా ఉత్తరంలో ఏం తప్పు పోయిందో ఎంత తలచుకున్నా దొరకలేదు. చివరికి ఒకటి అనిపించింది. బావ కోపం తారీఖు మీద కాదు. ఇరవై ఐదేళ్ళ కిందటిది.

ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. మీరిద్దరూ ముంబై బస్సులో ఉన్నారని ఎవరో చెబితే, గ్రీసు చేతులతోనే ఉరికొచ్చి బస్సు ఆపాను. బావ చొక్కా పట్టి కిందికి గుంజాను. గుండీలు ఊడి పడ్డాయి. మన కులం కాదు, మన ఊరు కాదు, మార్కెట్‌లో అల్లం సంచులు మోస్తూ, ఒకరి చేన్లలో అల్లం తవ్వే కూలి అని పదిమందిలో అన్నాను. తిరిగి చెయ్యి ఎత్తలేదు ఆ మనిషి. నువ్వు కిటికీ చువ్వ పట్టుకుని దిగనన్నావు. అవ్వ పోయినప్పుడు వచ్చి నాతో పాటు పాడెకు భుజం పట్టాడు. అప్పుడైనా నేను ఒక్క మాట చెప్పాల్సింది. చెప్పలేదు.

ఇప్పుడు రాస్తున్నాను, ఇది బావకు చదువు. "బావా, ఆనాడు తప్పు నాది. నిన్ను పదిమందిలో చిన్నబుచ్చిన. నా ఇంటికి నువ్వు వస్తె ఆ తప్పు జర దిగుతదనుకుంటున్న. తారీఖు లేదు, ఉగాది లేదు. రేపు బస్సెక్కినా సరే."

కౌలు ఆపలేదు. ఉగాది దాకా ఎవరికీ ఇవ్వొద్దని చెప్పి ఉంచాను.

సంగయ్య


19 జనవరి 2025

అన్నకు,

పైన ఊరి పేరు రాయలేదు, రాసినా నీకు తెలియదు. కల్యాణ్ దాటి లోకల్ బండిలో ఇంకో గంట. కొత్త బిల్డింగ్, నాలుగో అంతస్తు, గోడలకు ఇంకా చెమ్మ ఆరలేదు. నీళ్ళు ట్యాంకర్ వస్తేనే. కిరాయి మాత్రం చాల్ కంటే తక్కువ. మంచి నిర్ణయమే అనుకుంటున్నాను.

పొద్దున ఐదింటి బండికి ముగ్గురం కలిసి బయలుదేరుతాం. నేనూ రుచితా ఆడవాళ్ళ డబ్బాలో ఎక్కుతాం. ఆయన పక్క డబ్బాలో. కల్యాణ్ వచ్చేసరికి లోపల చీమ దూరే సందుండదు. లోపలికి పోతే దిగాల్సిన చోట దిగలేమని ఆయన తలుపు దగ్గరే నిలబడతాడు. రెండున్నర గంటలు పోను, రెండున్నర గంటలు రాను. ఇంటికొచ్చి కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుంటాడు. ఏమీ అనడు. ఆయన ఎప్పుడూ ఏమీ అనడు గదా.

ఆదివారం బిల్డింగ్ వెనక పొలాల గట్ల మీద తిరిగొస్తాడు. ఎవరి పొలాలో ఏమో. చెప్పులకంటిన మట్టి గుమ్మం దగ్గర దులుపుతాడు, నేను చీపురుతో ఎత్తుతాను.

నువ్వు రాసిన క్షమాపణ చెప్పాను. తల ఊపాడు. ఇక ఆ మాట మళ్ళీ కదపకు అన్నా. ఇల్లు కుదిరింది, అడ్వాన్సు ఇచ్చాం, అయిపోయింది. రుచిత కోర్సు పూర్తయ్యాక చూద్దాం.

వదినను అడిగానని చెప్పు.

మణెమ్మ


జహీరాబాద్,
4 మార్చి 2025

చెల్లె మణెమ్మకు,

మేము చేరి వారమైంది. క్షేమం అనే మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

దారంతా మీ వదిన ఏడుస్తూనే వచ్చింది. నాకు మాత్రం దవాఖాన వరండాలో కూర్చున్న మనిషి, రోజూ బావతో బండిలో వచ్చే ఆ తోటి ప్రయాణికుడి మొహమే కళ్ళలో ఉంది. పాపం, ఎవరో తెలియని మనిషి, పని మానుకుని వచ్చాడు. హిందీలో నాకు అర్థమయ్యేటట్టు చేతులతో చూపించాడు. బావకు కాలు తిమ్మిరెక్కిందేమో, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటున్నాడట. వెనకనుంచి జనం నెట్టారు. చెయ్యి జారింది. చూస్తుండగానే తలుపులో మనిషి లేడట. రోజూ పక్కపక్కన నిలబడేవాళ్ళు, పేర్లు కూడా అడుక్కోలేదట.

ఇంకొక సంగతి నీతో అక్కడ అడగలేకపోయాను. మట్టి చేసి వచ్చాక రుచిత నా దగ్గరికి వచ్చింది. నాకు వినబడదని చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అంది. "మామా, మీరెందుకు వద్దన్నరు? పప్పా ఎంత ఆశ పెట్టుకున్నడు తెలుసా? మీరు రమ్మంటె ఆ ట్రైన్ల ఎందుకుంటుండె?" అందరూ మా వైపు తిరిగారు. మీ వదిన ఏదో అనబోతే నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. నువ్వు గోడకు ఆనుకుని తల దించుకుని ఉన్నావు. నువ్వు విన్నావో లేదో.

నేను వద్దనలేదు గదా మణెమ్మా? రెండుసార్లు రమ్మని రాశాను. ఒకవేళ మొదటి ఉత్తరంలో ఉగాది మాట అట్లా అర్థమైందా? కిరాయిదారును ఆ రోజే లెమ్మని ఉంటే? ఈ పది రోజులుగా అన్నం ముందు కూర్చుంటే ఇదే. ఎవరి కడుపులోనో ఉన్న బిడ్డను చూసుకుని మన ఇంటి మనిషిని పోగొట్టుకున్నాను.

మేము తిరిగొచ్చేసరికే వెనక అర్రలు ఖాళీ అయ్యాయి. కొత్త రేకులు వేయించాను. సున్నం మీ వదినే వేసింది, మనిషిని పెడతానంటే విననే లేదు. నువ్వూ రుచితా వచ్చేయండి. ఇప్పుడు ఎవరి కోపం అడ్డం ఉంది?

సంగయ్య


21 మార్చి 2025

అన్నకు,

నువ్వు వద్దనలేదు. ఎక్కడా వద్దనలేదు.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు ఆయన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. రుచిత పక్కనే చదువుకుంటోంది. "అన్న ఏం రాసిండు, సదువు" అన్నాడు. ఎవలన్న పోయిన్రా అని వదిన ఉరికొచ్చిన దాకా ఉన్నది ఉన్నట్టే చదివాను. ఆయన నవ్వాడు. తర్వాత కాగితం మీదనుంచి కళ్ళు తియ్యకుండానే వేరేది చెప్పాను. వెనక అర్రల్లో కిరాయిదారు ఉన్నాడట, పొమ్మంటే పోవడం లేదట, అక్కడనే ఏదన్నా చూసుకొమ్మంటున్నాడు అని. ముందే అనుకుని చెయ్యలేదు అన్నా. నోట్లోనుంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేదు.

ఆయన, "పోనీ లే. అన్నకు గూడ సంసారం ఉన్నది" అన్నాడు. తారీఖు పెట్టి పిలుస్తడా అన్నది ఆయన కాదు, నేనే కల్పించి నీకు రాశాను. ఆయన నిన్ను ఒక్క మాట అనలేదు. కాళ్ళు తుడుచుకుంటూ, "అల్లం సంగతి ఏమన్న రాసిండా?" అని అడిగాడు. లేదు అన్నాను.

నీ రెండో ఉత్తరం ఆయనకు చదవనే లేదు. చదివితే మొదటిది బయటపడుతుంది గదా. నీ క్షమాపణ ఆయన వినకుండానే పోయాడు.

ఎందుకని అడుగుతావు. ఆయనకు రావాలని ఉంది, నాకు లేదు. అంతే. ఆ రోజు బస్సు దగ్గర నువ్వు చొక్కా పట్టుకున్నది ఆయన ఎప్పుడో మరిచిపోయాడు. నాకు మరుపు రానిది వేరే. నేను దిగనంటే, నీ వెనకే ఉరికొచ్చిన వదిన నీతో అంది, "పోనియ్యుండి. ఆకలైతె అదే తిరిగొస్తది." నీకు వినబడిందో లేదో, నాకు వినబడింది. పస్తులున్న రోజులున్నాయి అన్నా, రుచిత కడుపులో ఉన్నప్పుడు కూడా. రాలేదు. ఇప్పుడు కిరాయి కట్టలేక మూటలతో దిగితే ఆ మాట నిజమవుతుంది. ఇక్కడ తాళంచెవులు నా నడుముకున్నాయి. అక్కడికొస్తే మళ్ళీ లేచిపోయిన దాన్ని.

నాకు రావాలని లేదని ఆయనతోనే చెప్పొచ్చు. చెబితే సరే అనేవాడు. సరే అన్నప్పటి ఆయన మొహం చూడలేక నీ మీద పెట్టాను. నువ్వు దూరంగా ఉన్నావు, నీకేం తగలదు అనుకున్నాను.

వదిన సున్నం వేసిందన్న చోట ఆగిపోయాను. మళ్ళీ మొదటినుంచి చదివాను. ఆమెకు ఆ మాట అన్నానని కూడా గుర్తుండి ఉండదు.

నేను రాను. ఆ గోడల మధ్య ఉండలేను. అదే బండిలో పనికి పోతున్నాను. ఆ చోటు దాటేటప్పుడు ఆడవాళ్ళు నన్ను లోపలికి జరుపుతారు.

ఒకటి అడుగుతాను, అడిగే మొహం లేకపోయినా. రుచితకు చెప్పకు. దానికిప్పుడు నేనొక్కదాన్నే. తెలిస్తే తండ్రితో పాటు తల్లి కూడా పోతుంది.

మణెమ్మ


జహీరాబాద్,
4 ఏప్రిల్ 2025

మణెమ్మకు,

నీ ఉత్తరం ఉగాదికి ఒక రోజు ముందు అందింది. పండగ పూట ఇంట్లో చెప్పలేకపోయాను. తర్వాతా చెప్పలేదు. మీ వదిన ఏం రాసిందని అడిగితే "మంచిగనే ఉన్నరట" అన్నాను. నేనూ నీలాగే చదివి వినిపించాను.

నాకు కోపంగా ఉంది, దాచను. రానన్నందుకు కాదు. ఇరవై ఐదేళ్ళు కష్టపడి నిలబడ్డ చోటు వదలమంటే ఎవరికైనా కష్టమే. మేము అన్న మాటలూ తక్కువవి కావు. కానీ ఆ మాట నీ నోటితో చెప్పాల్సింది. నా నోటితో ఎందుకు చెప్పించావు? నా మంచితనం వినకుండా పోయాడు ఆ మనిషి. నన్ను ఎట్లాంటివాణ్ని అనుకుని పోయాడో.

మొగుడంపల్లి కౌలు వదిలేశాను. వేరేవాళ్ళు దున్నుతున్నారు. వెనక అర్రలు ఒకటో తారీఖు నుంచి కిరాయికి ఇచ్చాను. ఖాళీగా ఉంటే పొద్దున లేవగానే అటే పోబుద్ధవుతోంది.

రుచిత సంగతి. నీకు తెలుసో లేదో, పోయిన వారం నాకు ఒక కార్డు రాసింది, హిందీలో. నాకు కూడబలుక్కుంటే వస్తుంది. మీ గడప తొక్కను, మీరు మా గడపకు రావద్దు, పప్పా చావుకు లెక్క మీరే చెప్పుకోండి అని. చిన్నప్పుడు ఒక్కసారే ఎత్తుకున్నాను దాన్ని.

జవాబు హిందీలోనే రాసి పోస్టులో వేశాను. తప్పులు పోయినా అర్థమవుతుంది. "బిడ్డా, అవును, అప్పుడు మా ఇంట్లో వీలు కాలేదు. వద్దన్నది నేనే. మీ అమ్మను మంచిగా చూసుకో."

రుచిత దాన్ని నీకు చూపిస్తే, చూసి ఊరుకో. ఈ కాగితం చించెయ్యి. కొన్నాళ్ళు నాకు రాయకు, మనసు కుదిరినప్పుడు నేనే రాస్తాను.

సంగయ్య